12 మీటర్ల పైపుకి నాలుగే క్లాంపులు

బరంపురంలో సొంతంగా ఏసీ పని మొదలుపెట్టిన రెండో ఏడు అది. ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీ పెట్టాను. గది కింది అంతస్తులో, ఔట్‌డోర్ యూనిట్ మేడ మీద. రెండింటి మధ్య గోడ వెంట 12 మీటర్ల కాపర్ పైపు. దానికి నాలుగు క్లాంపులు (పైపుని గోడకి పట్టి ఉంచే బిగింపులు) వేసి, మిగతా చోట్ల కేబుల్ టైలతో సరిపెట్టాను. చూడ్డానికి బాగానే ఉంది.

రెండు నెలలకి ఫోన్. "బాబూ, గాలి వస్తోంది గానీ చల్లబడట్లేదు." గ్యాస్ తగ్గింది. నింపాను. నెలన్నర తిరక్కముందే మళ్లీ ఫోన్. మాస్టారు ఒక్క మాట అనలేదు. పెన్షన్ డబ్బుతో కొనుక్కున్న ఏసీ అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇచ్ఛాపురం వెళ్లి, నాకు పని నేర్పిన గురువుగారిని తీసుకొచ్చాను. ఆయన గ్యాస్ ఒత్తిడి చూసే గేజీ జోలికే పోలేదు. మేడెక్కి, ఏసీ ఆన్ చేయించి, పైపు మీద రెండు వేళ్లు ఆనించారు. "నువ్వూ పెట్టి చూడరా" అన్నారు. కంప్రెసర్ అందుకోగానే పైపు వేళ్ల కింద సన్నగా వణికింది. పట్టు లేక జారిన పైపు బరువూ ఆ వణుకూ రెండూ ఫ్లేర్ నట్ మీదే, అంటే గరాటులా విప్పిన పైపు కొసని (ఫ్లేర్) యూనిట్‌కి బిగించే నట్టు మీదే పడుతున్నాయి. సబ్బు నురగ రాస్తే నట్టు అంచున ఆవగింజంత బుడగ మెల్లగా ఉబ్బింది. ఇంకోచోట క్లాంపు మరీ బిగించడంతో ఇన్సులేషన్ నలిగి, పైపు చెమర్చి, గోడంతా నల్ల మచ్చ.

మొత్తం విప్పేశాం. మిగిలిన గ్యాస్ తీసి, ఫ్లేర్ కోసి కొత్తగా చేశాం. మీటరుకో క్లాంపు, వంపు తిరిగిన ప్రతిచోటా రెండు వైపులా జానెడు దూరంలో ఒక్కొక్కటి. ఇన్సులేషన్ నలగకుండా పీవీసీ గొట్టాన్ని నిలువుగా చీల్చి క్లాంపుల కింద పెట్టాం. ఇక్కడ గురువుగారు పదేపదే చెప్పింది ఒకటుంది: పైపు జారిపోకూడదు, అలాగని ఊపిరాడకుండా బిగించనూ కూడదు. 50 డిగ్రీల తేడా వస్తే 10 మీటర్ల రాగి పైపు 8 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. ఆ సాగుడుకి చోటుండాలి.

స్క్రూలు గోడ ప్లాస్టరింగ్‌లో కాకుండా ఇటుకలోకి దిగేలా డ్రిల్ చేశాం, అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి. దగ్గర్లోని గోపాల్‌పూర్ తీరం ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది కూడా గోపాల్‌పూర్ దగ్గరే. ఆ రాత్రి గాలి చూసినవాళ్లెవరూ మేడ మీద పైపుని వదులుగా వదలరు.

లీకు లేదని తేల్చుకోడానికి పైపులోకి నైట్రోజన్ 450 పీఎస్‌ఐ ఒత్తిడి దాకా ఎక్కించి ఒక రోజు ఉంచాం. మర్నాడు అదే వేళకి చూస్తే గేజీ ముల్లు కదల్లేదు. తర్వాత వాక్యూమ్ పట్టి (పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి), యూనిట్ ప్లేటు మీద రాసినంత గ్యాస్ తూకమేసి నింపాం. మాస్టారి దగ్గర డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు ఎస్టిమేట్‌లో క్లాంపుల ఖర్చు విడిగా రాస్తున్నాను. "ఇన్నెందుకయ్యా?" అని ఎవరైనా అడిగితే, నడుస్తున్న ఏసీ పైపు మీద వాళ్ల చెయ్యే పెట్టిస్తాను.