క్యాలెండర్ వెనక కందిరీగ

హాల్లో క్యాలెండర్ నెల మారుద్దామని కాగితం తిప్పుతుంటే వెనక నుంచి మట్టి రాలింది. తీసి చూస్తే గోడకి పిడికెడంత మట్టి ముద్ద. "కందిరీగ గూడు, చీపురుతో కొట్టెయ్, పిల్లల్ని కుడుతుంది" అని అమ్మకి ఒకటే టెన్షన్. ఇది గుంపుగా తుట్టె పెట్టే రకం కాదు, ఒంటరిది. నలుపు పసుపు ఒళ్లు, దారంలాంటి నడుము, గూటికి కాపలా కూడా కాయదు, చేత్తో పట్టుకుని నలిపితే తప్ప మన జోలికి రాదు. నాలుగు రోజులుగా పెరట్లో కుళాయి కింద బురదలో తిరుగుతున్నది ఇదేనన్నమాట. కందిగింజంత మట్టి ఉండ నోట కరుచుకుని కిటికీలోంచి వచ్చి, గూటికి మెత్తేటప్పుడు ఝుంయ్‌మని సన్నగా మోత పెడుతుంది, ఆ అదురుకే మట్టి చక్కగా పరుచుకుంటుంది.

ఆ మోత వినగానే నాయనమ్మ గుర్తొచ్చింది. భ్రమరకీటక న్యాయం అని చెప్పేది కదా, పురుగుని తెచ్చి గూట్లో పెట్టి ఝుం ఝుం అని చెవిలో నూరిపోసి చివరికి తనలాగే చేసేస్తుందట. (ఎక్కాలు అప్పజెప్పించుకునేటప్పుడే ఈ కథ ఎందుకు చెప్పేదో!)

ఉండబట్టలేక స్క్రూడ్రైవర్‌తో ఆ ముద్దలోని నాలుగు అరల్లో ఒకదాని మూత గిల్లాను. బొలబొలమని తొమ్మిది సాలీళ్లు రాలాయి, కాళ్లు ముడుచుకుని. అగరుబత్తి పుల్లతో కదిపితే ఒకదాని కాలు సన్నగా వణికింది. చావలేదు. కుట్టి, కదలకుండా పడేసి తెచ్చింది, చంపితే ఈ ఎండలకి కుళ్లిపోతాయిగా. ఒక సాలీడు పొట్ట మీద నూకగింజ కన్నా సన్నంగా తెల్లటి గుడ్డు. అది పగిలి వచ్చిన పిల్లపురుగు ఈ సాలీళ్లన్నిటినీ తిని, తన చుట్టూ పట్టుపురుగులా గూడు అల్లుకుని, రెక్కలొచ్చాక మట్టి కొరుక్కుని బయటికొస్తుంది. ఇంకో రకం కందిరీగలు సాలీళ్లకి బదులు గొంగళిపురుగుల్ని తెస్తాయి, నాయనమ్మ కథలో పురుగు అదే అయ్యుంటుంది. పాతకాలం వాళ్లు చూసిందంతా నిజమే, పురుగు లోపలికెళ్లడం, ఝుంకారం, కందిరీగ బయటికి రావడం. మధ్యలో జరిగిందే, మూత వేసుంది కాబట్టి కనపడలేదు.

గిల్లిన అర పాడైపోయింది, అది మాత్రం నా తప్పే. మిగిలిన మూడిటి జోలికి వెళ్లకుండా క్యాలెండర్ పక్క మేకుకి మార్చాను. దాదాపు నెల తర్వాత రెండిటికి గుండ్రటి కన్నాలు పడ్డాయి. మూడోది ఇంకా మూసే ఉంది. అమ్మ రోజూ తిథి చూసుకోవడానికి వచ్చి, ముందు దాని వంకే చూస్తోంది.