గురిగింజ ఎత్తు

మా కొట్టు కాటా కిలో వరకే తూస్తుంది. అంతకు మించి తూచవలసిన అవసరం నలభై ఏళ్ళలో నాకు రాలేదు. నెల్లూరు ఆచారి వీధిలో కిలోల లెక్కన బంగారం చూసే కొట్లు వేరే ఉన్నాయి. మాది దిద్దుల అతుకు, గొలుసు కొక్కెం వేసుకునే కొట్టు. మొన్న కార్తీకంలో ఆ కాటా మీద ప్లాస్టిక్ గిన్నె పెట్టి, గిన్నె బరువు మినహాయించి, అందులో ఒక కుక్కపిల్లను కూర్చోబెట్టాను. 690 గ్రాములు చూపించింది. పళ్ళు చూసి డాక్టరు చెప్పిన వయసు మూడున్నర నెలలు.

ఎవరో దాన్ని 'టీకప్ చివావా' అని డబ్బు పోసి కొని, నాలుగు వారాలు పెంచి, చెప్పుల పెట్టెలో పెట్టి ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వదిలేశారట. చివావా చాలా చిన్న కుక్కల జాతి. కుక్కల జాతుల్ని నమోదు చేసే ఏ కెన్నెల్ క్లబ్బు పుస్తకంలోనూ టీకప్ అనే జాతి లేదు. అది అమ్మేవాళ్ళు పెట్టుకున్న పేరు. ఈతలో అందరికంటే బక్కగా పుట్టిన పిల్లకు ఆ పేరు తగిలిస్తే ధర పెరుగుతుంది. రోల్డ్ గోల్డుకు పేర్లు పెట్టే బజారులో బతికినవాణ్ణి, ఆ కిటుకు నాకు కొత్తగా అనిపించలేదు. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 నుంచి నిబంధన ఉంది. పెంపుడు జంతువును ఇలా వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారమే నేరం. అడిగేవాళ్ళు లేరు, అంతే.

మా అమ్మాయి స్నేహితురాలు ఇలాంటి కుక్కల్ని చేరదీస్తుంది. "నాన్నా, మీరిద్దరూ పగలూ రాత్రీ ఇంట్లోనే ఉంటారు కదా" అని అమ్మాయి ఫోనులో మొదలుపెట్టింది. నాకు 62 ఏళ్ళు, మీ అమ్మకు మోకాళ్ళ నొప్పులు, కుదరదన్నాను. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని ఫొటో పంపమంది. అక్కడితో నా మాట చెల్లడం ఆగిపోయింది.

సరే అన్నంత మాత్రాన ఇచ్చేస్తారనుకున్నాను. ఆ స్నేహితురాలు ముందు ఫోనులో అరగంట ప్రశ్నలు వేసింది. మంచం ఎత్తెంత, ఇంట్లో మెట్లెన్ని, రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు, మనవలు వచ్చి ఎన్నాళ్ళు ఉంటారు. తర్వాత ఇల్లు చూడడానికి వచ్చింది. కాఫీ ఇస్తే పక్కన పెట్టి నేల మీద బోర్లా పడుకుంది! ఫోను లైటు వేసి బీరువా కింద చూసింది. స్నానాల గదిలో తూము చూపించి, "అంకుల్, ఇందులోంచి ఇది జారిపోగలదు, జాలీ వేయించండి" అంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను, తూము వైపు ఆ కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. వెనక గదిలో నా పనిముట్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె ముఖం మారింది. కుంపటి, ఆమ్లం సీసాలు. ఆ గది గడపకు అడ్డుచెక్క వేస్తేనే పిల్లను తెస్తానంది. మొదట నాకు రోషం వచ్చింది. చెక్క వేస్తుంటే మాత్రం, నా పిల్లనైనా ఇన్ని అడిగి ఇచ్చానా అనిపించింది.

డబ్బేమీ తీసుకోలేదు. రెండు వారాలు మా దగ్గర ఉంచి చూసి, ఆ తర్వాతే కాగితం మీద సంతకాలు. దానిచేత పిల్లల్ని పెట్టించకూడదు, డాక్టరు సరేనన్నప్పుడు ఆపరేషను చేయించాలి, పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా తిరిగి ఆమెకే అప్పగించాలి. ఆధార్ నకలు కూడా తీసుకుంది.

ఒళ్ళంతా గోధుమ ఎరుపు, మూతి దగ్గర నలుపు. మా ఆవిడ చూడగానే గురిగింజ అంది. పేరు అదే స్థిరపడింది, పిలుపుకు గింజ.

గింజకు మాడు పూడలేదు. నడినెత్తిన వేలి కొనంత మేర ఎముక లేదు, చర్మం కింద మెత్తగా తగులుతుంది. చివావాల్లో కొన్నిటికి అది జన్మంతా అలాగే ఉండిపోతుందట. మా ఆవిడ వెంటనే ఆముదం సీసా తీసింది, పసిపిల్లలకు మాడు మీద అద్దినట్టు అద్దడానికి. వద్దని ఆపేసరికి తాతలు దిగివచ్చారు. నూనె సంగతి ఎలా ఉన్నా, అక్కడ దెబ్బ తగిలితే నేరుగా మెదడుకే. అంటే మంచం మీదికి ఎక్కించడం లేదు, పిల్లలు ఎత్తుకోవడం లేదు. ఎవరైనా నేల మీద కూర్చున్నాకే దాన్ని ఒళ్ళోకి తీసుకోవాలి.

మేమిద్దరం అడుగు ఎత్తి వేయడం మానేశాం. కాళ్ళు నేలకు రాస్తూ నడుస్తాం. ఎత్తిన కాలు దాని మీద పడవచ్చు, ఈడ్చిన కాలు తగిలితే పక్కకు జరుగుతుంది. చీకట్లో ఎక్కడుందో తెలియాలని వెండి మువ్వ ఒకటి చేశాను, గ్రాముకు కాస్త ఎక్కువ. మెడకు పట్టీ కట్టకూడదు, ఈ జాతికి శ్వాసనాళం తేలిగ్గా అణిగిపోతుంది. అందుకని ఛాతీ చుట్టూ తిరిగే పట్టీకి వేలాడదీశాను. నేను చేసిన మువ్వల్లో మజూరి రానిది అదొక్కటే.

మొదటి వారంలో నట్టల మందు కోసం ఒక క్లినిక్కుకు వెళ్ళాం. అక్కడి కాటా పెద్ద కుక్కలది, వంద గ్రాముల మెట్లలో చూపిస్తుంది. గింజ కదిలితే ఒకసారి 0.6, ఒకసారి 0.8. "సుమారు కిలో రాసుకోండి" అన్నాడు అక్కడి కుర్రాడు. 690 గ్రాముల ప్రాణానికి కిలో మందా? గురిగింజ ఎత్తు బంగారం తేడా వస్తే కొట్టు మూసుకోవలసిన వృత్తి నాది. వెనక్కి వచ్చేశాం. తర్వాత కుదిరిన డాక్టరుకు నా నోటు పుస్తకం చూపించాను. రోజూ పొద్దున అన్నం పెట్టకముందు తూచిన బరువు, తగ్గితే పక్కన 'తరుగు' అని రాసి ఉంటుంది. మా పనిలో తరుగు లెక్కలో భాగం. దీని దగ్గర ఇరవై గ్రాముల తరుగు రెండు రోజులు వరుసగా వస్తే ఫోను చేయమన్నాడు. మందును బిందువుల లెక్కన సిరంజిలో కొలిచి చూపించాడు.

ఆ డాక్టరు దగ్గర నాకు అర్థం కానిదొకటి ఎదురైంది. మందులన్నీ బరువును బట్టి, టీకా మాత్రం పెద్ద లాబ్రడార్‌కూ గింజకూ ఒకటే మోతాదు! తగ్గించమని బేరం పెట్టాను. "టీకా అంటే ఒంటికి పాఠం చెప్పడం, బక్క పిల్లవాడికి పాఠం సగం చెబుతామా?" అన్నాడు. రేబీస్ టీకాను మాత్రం మిగతావాటితో కలపకుండా మూడు వారాల తర్వాత విడిగా వేశాడు. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టాడు.

ఇక ఆ రాత్రి సంగతి. ఇంత చిన్న ఒంట్లో చక్కెర నిల్వ ఉండదు. కాలేయం చిన్నది, కండ లేదు. నాలుగు గంటలు మించి కడుపు ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అందుకే రోజుకు ఆరుసార్లు తిండి, రాత్రి రెండింటి పూటతో కలిపి. ఉడికించిన కోడిమాంసం, కాస్త అన్నం, నానబెట్టిన కుక్కల మేత గుళికలు, అన్నీ కాటా మీదే. వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు. కరెంటు లేదు. ఫోను చచ్చిపోయింది, అలారం మోగలేదు. నాలుగింటికి మెలకువ వచ్చేసరికి గింజ పక్కకు ఒరిగి, మెడ వెనక్కి విరిచి, కాళ్ళు కొట్టుకుంటోంది. పిలిస్తే చూపు నిలవలేదు. మువ్వ మాత్రం సన్నగా మోగుతూనే ఉంది.

గింజను ఇచ్చిన ఆ అమ్మాయి వంద సార్లు చెప్పి ఉండబట్టి చేతులు పనిచేశాయి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా ఆవిడ తేనె సీసా తెచ్చింది. వేలికి రాసుకుని చిగుళ్ళకు రుద్దాను, మళ్ళీ రుద్దాను. సీసాలో వేడినీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి పక్కన పెట్టాం. పావుగంటకు తల ఎత్తింది. వేలు నాకింది. తెల్లవారుతూనే ఆ వానలో ఆటోలో డాక్టరు దగ్గరికి వెళ్ళి రక్తం చూపించాం. వణుకును చలి అనుకోవద్దు, ముందు చక్కెర అనుకోండి అన్నాడు. ఆ రోజు సాయంత్రమే తాళంచెవి తిప్పే పాతకాలం అలారం గడియారం కొన్నాను. తప్పు నాది, ఫోనుది కాదు.

ఆ ఫిట్స్ చక్కెరవా, తలలో నీరు చేరి వచ్చినవా తేల్చుకోవడానికి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకుపోయాం. నాయుడుపేట దాటాక ఒకసారి, శ్రీకాళహస్తిలో ఒకసారి కారు ఆపి తిండి పెట్టాం. ఎముక లేని ఆ మాడులోంచే స్కానింగు చేశారు. లోపమని భయపడుతున్నది అక్కడ కిటికీలా ఉపయోగపడింది. భయపడేంత నీరు లేదన్నారు.

బంధువులతో వేరే తంటా. వచ్చినవాళ్ళెవరూ ఊరికే ఉండరు. చేపల పులుసు ముక్క ఒకటి పెడితే ఏమవుతుంది అంటారు. ముల్లు సంగతి అలా ఉంచి, ఉల్లిపాయ కుక్కల రక్తకణాలను పాడుచేస్తుందని చెబితే నవ్వుతారు. మా వదిన ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. పిడుదుల మందు డాక్టరు చూపించిన పెట్టె మీద రాసిన కనీస బరువు గింజకు లేదు. కాబట్టి పేల దువ్వెనతో రోజూ దువ్వుతాను. డాబా మీదికి ఒంటరిగా వదలం, గద్దలున్నాయి. మా వీధి పందికొక్కులు దానికంటే బరువు.

ఒకసారి అడ్డుచెక్క సందులోంచి పని గదిలోకి దూరింది. దాని కాళ్ళు కడుగుతుంటే మా ఆవిడ, "ఏమండీ, ఆ నీళ్ళు పారబోయకండి, బంగారం రజను ఉంటుంది" అంది. పారబోయలేదు.

సంక్రాంతి దాటాక కాటా మీద అంకెలు పోయి గీతలు వచ్చాయి. కిలో దాటింది. అప్పటి నుంచి ఆదివారం ఆదివారం వీధి చివర కిరాణా కొట్టుకు తీసుకుపోతున్నాను. రాత్రి రెండింటి పూట డాక్టరు మాన్పించాడు. పాల కోరలు రెండు ఊడలేదు, కొత్తవి పక్కనే మొలిచాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనుతో పాటు వాటినీ తీస్తారు, ఒకసారి మత్తుతో రెండు పనులు. మత్తు మందు కూడా గ్రాముల లెక్కే. పెద్ద కుక్కల్లా రాత్రంతా పస్తు ఉంచవద్దని, ఎన్ని గంటలన్నది ఆ రోజు చెబుతానని అన్నాడు. ఉగాది వెళ్ళాక పెట్టుకున్నాం.

మొన్న ఆదివారం కిలో నూట ఎనభై. కిరాణా ఆయన చింతపండు దింపి, కాటా తుడిచి, గింజను కూర్చోబెట్టి, చీటీ మీద బరువు రాసి ఇచ్చాడు. "పొట్లం కట్టమంటారా ఆచారి గారూ?" అన్నాడు. ప్రతి వారం అంటాడు.