లక్కముద్ర చెదరకుండా

మూడవ జార్జి రాజు మతిస్థిమితం కోల్పోవడంతో 1811 నుంచి 1820 వరకు యువరాజే ప్రతినిధిగా ఇంగ్లండును ఏలిన రీజెన్సీ కాలంలో, చురుకైన అమ్మాయిలు గూఢచారులుగా తర్ఫీదు పొందే సాహస నవలలంటే నాకు ప్రాణం. నన్ను కట్టిపడేసేవి కత్తియుద్ధాలు కావు, ఉత్తరాలు. కవర్ల వాడుక అరుదైన ఆ రోజుల్లో కాగితాన్నే మడిచి లక్కముద్ర వేసేవారు కనుక, వేడిచేసిన సన్నని కత్తితో ముద్రను చెదరకుండా లేపి, చదివి, తిరిగి అతికించే ఘట్టం వస్తే పుస్తకం కింద పెట్టలేను.

మా విజయనగరం పిల్లలకు ఇలాంటి కథ తెలుగులో కావాలి. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగర పాలకుడు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనల చేతిలో నేలకొరిగాక, ఆయన కొడుకు నారాయణబాబు మన్యం జమీందారుల ఆశ్రయానికి చేరాడు. ఆ కొండదారుల్లో రహస్యంగా కబుర్లు మోసిన ఒక అమ్మాయిని ఊహించి ఎవరైనా రాస్తే, మా మేనకోడలి కోసం మొదటి ప్రతి నేనే కొంటాను.