భీష్మాష్టమి నాడు ఒక చెంబు నీళ్ళు

రథసప్తమికి నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తాం, చిక్కుడాకుల్లో పరమాన్నం తింటాం. ఏకాదశికి గుడిలో మైకు పెట్టి విష్ణుసహస్రనామం చదువుతాం. మా వైపు వాళ్ళయితే అంతర్వేది తీర్థానికి బయల్దేరతారు. మధ్యలో అష్టమి ఒకటుంది. ఆ సహస్రనామం మనకు చెప్పిపెట్టిన పెద్దాయన వెళ్ళిపోయిన రోజు. ఆయనకు దోసెడు నీళ్ళు వదిలేవాళ్ళు వీధికొకరు కూడా కనపడరు. అడిగితే "మా నాన్నగారు ఉన్నారండీ, మేం తర్పణాలు ఇవ్వకూడదు" అంటారు. చాలా శాస్త్రం తెలిసినట్టు.

ఆ శాస్త్రమే "జీవత్పితాపి కుర్వీత తర్పణం యమభీష్మయోః" అంది. తండ్రి ఉన్నవాడు కూడా యముడికీ, భీష్ముడికీ నీళ్ళు వదలాలి. ఫలానా కులంవాళ్ళే ఇవ్వాలని కూడా లేదు, అన్ని వర్ణాలవాళ్ళూ ఇవ్వాల్సిందే. జంధ్యం, అపసవ్యం, నువ్వుల సంగతి మీ ఇంటి పురోహితుణ్ణి అడగండి. దాన్ని సాకుగా పెట్టుకుని మాత్రం ఎగ్గొట్టకండి. ఒప్పుకోవాలి, మొన్నమొన్నటిదాకా నేనూ ఎగ్గొట్టినవాణ్ణే.

మా తాతయ్య పోయాక తెలిసొచ్చింది. మా నాన్న ఉన్నారు, నిండు నూరేళ్ళూ ఉండాలి. కాబట్టి నన్ను భుజాల మీద ఎక్కించుకుని పెంచిన మనిషికి నేను తర్పణం ఇవ్వడానికి లేదు. ఆ అధికారం నాన్నది. పక్కన నిలబడి చూడ్డమే. మనవడి చేతి నీళ్ళు ఒక తాతకు చేరే రోజు నాకు ఏడాదిలో ఈ ఒక్కటే కనపడింది.

భారతంలో తొమ్మిదో రోజు యుద్ధం ముగిసిన రాత్రి నాకు చాలా ఇష్టం. పాండవులు భీష్ముడి శిబిరానికే వెళ్ళి, నిన్ను పడగొట్టేదెలా అని ఆయన్నే అడుగుతారు. ఆయన శిఖండి సంగతి చెప్పి పంపిస్తాడు. తిరిగొచ్చాక అర్జునుడు కృష్ణుడి దగ్గర కుమిలిపోతాడు. చిన్నప్పుడు ఒళ్ళంతా దుమ్ముతో వెళ్ళి ఆయన ఒళ్ళోకెక్కేవాణ్ణి, ఆ మహాత్ముడి ఒళ్ళంతా మట్టి చేసేవాణ్ణి, "తాతా" అని పిలిచేవాణ్ణి, ఇప్పుడాయన్ని ఎలా చంపను అంటాడు. సంస్కృతంలో తాత అంటే నాన్న. అందుకే భీష్ముడు ఆ పిల్లాణ్ణి దిద్దేవాడట. "నాహం తాతస్తవ పితుస్తాతోఽస్మి తవ భారత." నేను నీ తాతను కాదురా, మీ నాన్నకు తాతను.

తెలుగులో ఆ దిద్దుబాటు అక్కర్లేదు. మనకు తాతంటే నాన్న నాన్నే. తండ్రి లేని ఆ పిల్లాడు పిలిచిన పిలుపు పట్టుకుని మనవాళ్ళు ముసలాయనకు ఇచ్చేశారేమో అనిపిస్తుంది నాకు. భాషాశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోకపోతే మానె. ఆ పిలుపు గుర్తున్న చేత్తోనే మర్నాడు బాణం వెయ్యాల్సొచ్చింది. తర్వాత అంపశయ్య మీద భీష్ముడు దాహమన్నప్పుడు రాజులంతా చల్లటి నీళ్ళ కుండలు తెస్తే వద్దన్నాడు. అర్జునుడు నేలను చీల్చి తీసిన నీళ్ళే తాగాడు.

మా తాతయ్య కూడా యుద్ధం చూసినాయనే. బెంగళూరు మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో, చేరి సుబేదారుగా రిటైరయ్యారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో షకర్‌గఢ్ వైపు, బసంతర్ ఏటి దగ్గర, మన ట్యాంకులు దాటడానికి మందుపాతరలు ఏరి దారి చేసిన వాళ్ళలో ఉన్నారు. ఆ కథలు చెప్పమంటే చలి గురించి చెప్పేవారు, అంతే.

భీష్మాష్టమి మాత్రం తప్పేవారు కాదు. తెల్లారకముందే కాలవకి వెళ్ళేవారు, చెంబు పట్టుకుని నేను వెనకాల. మంత్రంలో "అపుత్రాయ", అంటే బిడ్డల్లేనివాడికి, అనే మాట దగ్గర ఆగి, మళ్ళీ ఒకసారి అనేవారు. అంతా అయ్యాక తువ్వాలు తడిపి, ఒడ్డున మట్టిలోకి మెల్లగా పిండేవారు. "యే కే చాస్మత్ కులే జాతా అపుత్రా గోత్రిణో మృతాః" అని. మన కులంలో, అంటే వంశంలో, పుట్టి బిడ్డల్లేకుండా పోయినవాళ్ళకి ఆ పిండిన నీళ్ళు. ఒకసారి పిండితే చాలు. ఆయన నాలుగుసార్లు తడిపి నాలుగుసార్లు పిండేవారు. పదేళ్ళప్పుడు అడిగాను, ఎందుకని. "పెళ్ళి కాని కుర్రాళ్ళురా. మా కంపెనీవాళ్ళు" అన్నారు. మన కులం కాదుగా అంటే, "మాదే" అన్నారు.

తొంభై ఒక్కేళ్ళు బతికారు. ఆఖరి మూడు నెలలూ మంచం మీదే. యాభై ఎనిమిది రాత్రులు నాకు నూరేళ్ళలా గడిచాయని భీష్ముడు ధర్మరాజుతో అన్న మాట అప్పుడర్థమైంది. రాత్రి గంటకోసారి "టైమెంతయిందిరా" అనేవారు. గుండె బలహీనంగా ఉంది, నీళ్ళు కొలిచి ఇవ్వమని డాక్టరు చెప్పారు. ఒక రాత్రి మూడింటికి దాహమన్నారు. నిద్రమత్తులో "ఇందాకేగా తాగావు, పడుకో తాతయ్యా" అన్నాను, కాస్త విసురుగానే. ఆయన మళ్ళీ అడగలేదు. స్పూనుతో పెదాలు తడిపినా సరిపోయేది. అది కూడా చెయ్యలేదు.

పోయిన మాఘమాసంలో మొదటిసారి ఆయన చెంబుతో ఆ కాలవలోనే దిగాను. భీష్ముడి పేరు చెప్పే నీళ్ళు వదిలాను. ఎవరికి చేరాలో ఆయనకు తెలుసు. తువ్వాలు పిండడం నా పని కాదు కదా, గట్టెక్కి నిలబడ్డాను. నాన్న ఎప్పుడూ అష్టమికి కాలవకి రాలేదు, ఆఫీసు టెన్షన్లు ఆయనవి. ఈసారి నా వెనకే వచ్చారు. నీళ్ళలో దిగి, తువ్వాలు తడిపి, పిండబోయి నా వైపు తిరిగారు.

"ఆ కుర్రాళ్ళు ఎంతమందిరా?"

"నలుగురు నాన్నా."