ఉచిత తరగతికి అయిన ఖర్చు

వీడియో గేములు తయారుచేయడం నేర్పే తరగతి ఉచితం. హనుమకొండ నుంచి ఉప్పల్ దాకా ఎక్స్‌ప్రెస్ బస్సూ నాకు ఉచితమే. 2023 డిసెంబరు నుంచి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవడం అలవాటైపోయింది. అయినా ఆ ఆదివారం ఇల్లు చేరేసరికి పర్సులో ఐదు వందల పైచిలుకు ఖాళీ. ఆ లెక్క ముందు చెప్పేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావడం లేదు. ఉప్పల్ నుంచి రాయదుర్గానికి మెట్రోలో రానూపోనూ నూట ముప్పై దాటింది. 2025 మేలో చార్జీలు పెంచాక నేను మెట్రో ఎక్కడం అదే మొదలు. స్టేషన్ దిగాక రెండు కిలోమీటర్లు లేని దూరానికి ఆటో అతను రెండు వందలన్నాడు, బేరమాడితే నూట యాభైకి దిగాడు. వచ్చేటప్పుడూ అంతే. తరగతి జరిగిన అద్దాల మేడలో టీ ఎనభై రూపాయలు. మా చౌరస్తాలో ఆ డబ్బుకు స్టాఫ్‌రూమంతటికీ టీ వస్తుంది.

బస్సులో జనగామ దాకా నిలబడే ఉన్నాను. తర్వాత సీటు దొరికింది కానీ, పక్కామె బుట్టలోంచి సీతాఫలాలు నా కాళ్ల మీదికి దొర్లుతూనే ఉన్నాయి. ఒడిలో మా అబ్బాయి వాడి వదిలేసిన లాప్‌టాప్.

మెట్రో అమీర్‌పేట దగ్గర ఆగినప్పుడు కోచింగ్ బోర్డులు చూసి మనసు చివుక్కుమంది. 2006లో మా నాన్న వడ్డీకి తెచ్చిన డబ్బు కట్టి అక్కడే జావా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనడం కూడా ఎక్కువే. హాలులో రెండు వందల మంది, నాది చివరి వరుస. బోర్డు మీది సెమికోలన్ కనిపించేది కాదు. అక్కడ కూడా మొదటి రోజు ‘ఉచిత డెమో’ ఉండేది. డెమో అయిపోగానే చేతిలో ఫీజు కాగితం పెట్టేవారు. ఉద్యోగం రాలేదు. బి.ఇడి. చేసి లెక్కల టీచర్‌నయ్యాను. అందుకే ఈ వీడియో గేమ్ తరగతికీ చివర్లో ఒక ఫీజు కాగితం ఉంటుందని గట్టిగా నమ్మి వెళ్లాను.

ముప్పై మంది దాకా ఉన్నారు. నేను తప్ప అందరూ పాతికేళ్ల లోపువారే. తలుపు దగ్గర పేరు అడిగి కాగితం మీద రాసి అంటించారు, అంతే. నేర్పింది గోడో అనే గేమ్ ఇంజిన్, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్. ఒక నాటకంలో ఎంత ఎదురుచూసినా రాని మనిషి పేరట అది. హనుమకొండ బస్టాండులో పొద్దున నేను పడ్డ అవస్థకు ఇంతకన్నా మంచి పేరు దొరకదు. అర్జెంటీనా వాళ్లు తమ పని కోసం తయారుచేసుకుని, 2014లో ఎవరైనా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని కోడ్‌తో సహా వదిలేశారు. డౌన్‌లోడ్ వంద మెగాబైట్ల లోపే, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. ఇలాంటిదే ఇంకో ఇంజిన్ తయారుచేసే యూనిటీ సంస్థ 2023లో గేమ్ ఇన్‌స్టాల్ అయినప్పుడల్లా దాన్ని తయారుచేసినవాళ్లు రుసుము కట్టాలని ప్రకటించి, గొడవయ్యాక మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్న సంగతి చెప్పి, చాలామంది ఇటు తిరిగింది అప్పుడేనన్నాడు మాట్లాడిన కుర్రాడు.

నాకు కావలసింది పులి–మేక. మూడు పులులు, పదిహేను మేకలు, బండ మీద సుద్దముక్కతో గీసుకునే ఆట. బడిలో పిల్లలకు కంప్యూటర్ మీద ఆడించాలని. మధ్యాహ్నానికి పులి బొమ్మ ఒకటి తెర మీద నిలబెట్టాను. బాణం గుర్తు నొక్కితే నడవాలి. నడిచింది, గర్భిణిలాగా. పక్కనున్న డిప్లొమా కుర్రాడిదీ అదే కోడ్, వాడి పులి మాత్రం తెర అవతలికి దూకి మాయమైంది. నా లాప్‌టాప్ ముసలిదైతే పులికీ ముసలితనమేనా అని విసుక్కున్నాను.

“డెల్టా పెట్టలేదు మేడమ్, మీరూ నేనూ,” అన్నాడు వాడు.

కంప్యూటర్ తెర మీది బొమ్మను ఒక్కసారి గీస్తే అది ఒక ఫ్రేము. ఫ్రేముకు ఐదు పిక్సెళ్లు, అంటే తెర మీది ఐదు చుక్కలు, జరగమని రాశాం. నా యంత్రం సెకనుకు ముప్పై ఫ్రేములు గీస్తే పులి నూట యాభై పిక్సెళ్లు వెళ్తుంది, వాడిది 144 గీస్తే ఏడు వందల ఇరవై. డెల్టా అంటే కిందటి ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మధ్య గడిచిన సమయం. సెకనుకు ఇంత అని వేగం రాసి దాన్ని డెల్టాతో గుణిస్తే రెండు పులులూ ఒకే నడక నడుస్తాయి. కాలాన్ని వేగంతో గుణిస్తే దూరం: ఏడో తరగతికి ఏటా నేను చెప్పే లెక్క! నా పాఠం నాకే ఒక పిల్లవాడు చెప్పాల్సి వచ్చిందని సిగ్గుపడాలో నవ్వాలో తెలియలేదు. ఆ గుణకారం గుర్తు పెట్టి, రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన ఉంచి, ఇద్దరం ఒకేసారి మీట నొక్కాం. పులులు జంటగా నడిచాయి. నాలుగైదుసార్లు నడిపించాం, పనేమీ లేకపోయినా.

ఆరింటికి నిర్వాహకురాలు మైకు తీసుకుంది. ఇదిగో ఫీజు, అనుకున్నాను. కుర్చీలు గోడకు చేర్చి వెళ్లమంది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఘట్‌కేసర్ దాటాక లాప్‌టాప్ తెరిచి పులిని నడిపిస్తుంటే పక్కనున్న పెద్దావిడ వంగి చూసింది.

“పులి–మేకా? మేక ఒక్కటే ఉందేమమ్మా?”

“ఇవాళ ఒక్కటే అయిందండీ.”

“ఒక్క మేకతో పులిని ఎట్లా కట్టేస్తావు?” అని, నా లాప్‌టాప్ అంచు మీద వేలితో గీతలు గీస్తూ, మొదటి మేకను ఎక్కడ పెట్టకూడదో చెప్పడం మొదలుపెట్టింది. భువనగిరి దగ్గర బ్యాటరీ అయిపోయింది. ఆవిడ ఆపలేదు.