ట్రైనింగ్ ఆఫీసర్‌కు మాటకారితనం ఒక్కటే చాలదు: కోడ్ 55, ఇంటర్వ్యూ అనుభవం

కాలేజీ అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో కోడ్ 55, అంటే మానవ వనరుల నిర్వహణ, కార్మిక సంక్షేమం రాస్తున్నవారికీ, ఫ్యాక్టరీల్లో ట్రైనింగ్ ఆఫీసర్ ఉద్యోగాల మీద కన్నేసినవారికీ ఇది. నేను కడపలోనే ఉండి చదివాను. హైదరాబాద్ వెళ్తే తప్ప నెట్ రాదనేవారి మాట నమ్మకండి. మధ్యాహ్నాలు సీపీ బ్రౌన్ గ్రంథాలయంలో, రాత్రిళ్లు మిద్దె మీద చదువుకున్నా సరిపోతుంది, ఎండాకాలం ఓర్చుకోగలిగితే. రెండు పేపర్లకూ కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటల సమయం. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలకండి.

మన సబ్జెక్టులో అందరూ కార్మిక చట్టాల మీద పడతారు. శిక్షణ చాప్టర్ వచ్చేసరికి 'ఏముంది, స్లైడ్లు పెట్టి మాట్లాడటమేగా' అని పేజీలు తిప్పేస్తారు. నన్నడిగితే తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులు వచ్చే చోటు అదే. పైగా ఉద్యోగంలో మొదటి రోజు నుంచీ పనికొచ్చేదీ అదే.

నెట్ తర్వాత యర్రగుంట్ల వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకు వెళ్లాను. ప్యానెల్‌లో ప్రొడక్షన్ విభాగం పెద్దాయన ఒకరు నా సర్టిఫికెట్లు పక్కకు నెట్టి అడిగారు: "ప్యాకింగ్‌లో సంచులు చిరుగుతున్నాయి. ఏం క్లాసు పెడతారు?"

"ముందు క్లాసు పెట్టను సార్. అన్ని షిఫ్టుల్లో చిరుగుతున్నాయా, ఒక్క షిఫ్టులోనేనా చూస్తాను. ఎవరి చేతిలోనైనా చిరుగుతుంటే లోపం సంచిదో, యంత్రానిదో అయి ఉంటుంది. కొత్తగా చేరినవారి దగ్గరే చిరుగుతుంటే సంచి మూతిని గొట్టానికి తొడగడం వారికి ఇంకా చేతికి రాలేదన్నమాట. అప్పుడు నేర్పుతాను."

"తెలిసి కూడా హడావిడిలో వంకరగా తొడిగితే?"

"అది నేర్పితే పోయేది కాదు సార్. టార్గెట్ ఎంత పెట్టారో, పర్యవేక్షణ ఎలా ఉందో చూడాలి."

ఇందులో నా తెలివేమీ లేదు. ఎవరికి ఏ శిక్షణ అవసరమో తేల్చడానికి మెక్‌గీ, థేయర్ అనే నిపుణులు 1961లో చెప్పిన మూడంచెల విశ్లేషణే ఇది: సంస్థ (టార్గెట్, పర్యవేక్షణ), పని (సంచి తొడిగే తీరు), వ్యక్తి (అది ఎవరికి చేతికి రాలేదో). గైడులో మూడు పదాలుగా బట్టీ పడితే పరీక్ష హాల్లో తారుమారవుతాయి. చిరిగిన సంచికి కట్టి చదివితే మరచిపోరు.

తర్వాతి ప్రశ్న: "మీ క్లాసు పనిచేసిందని నేనెలా నమ్మాలి?" చాలామంది ఇక్కడే ఫీడ్‌బ్యాక్ ఫారాల గురించి చెప్పి ఊరుకుంటారు. శిక్షణ పనిచేసిందో లేదో కొలవడానికి కిర్క్‌ప్యాట్రిక్ అనే నిపుణుడు 1959లో చెప్పిన నాలుగు స్థాయుల్లో అది మొదటిది మాత్రమే, స్పందన. క్లాసు చివర మనిషి చేత సంచి తొడిగించి చూస్తే రెండోది, అభ్యసనం. కొన్ని వారాల తర్వాత షిఫ్టులో నిలబడి గమనిస్తే మూడోది, ప్రవర్తన. చిరిగిన సంచుల రిజిస్టరులో అంకె తగ్గితే నాలుగోది, ఫలితం. తర్వాత హాంబ్లిన్ అనే మరో నిపుణుడు ఆ చివరిదాన్ని సంస్థలో మార్పు, అంతిమ విలువ అని రెండుగా విడదీసి ఐదు చేశాడు. నెట్‌లో ఈ నాలుగింటినీ ఆ ఐదింటినీ కలిపి మెలికలు పెడతారు, జాగ్రత్త.

బాగా మాట్లాడటం అక్కర్లేదని కాదు. అయితే ఆ ఇంటర్వ్యూలో నా వాక్చాతుర్యాన్ని ఎవరూ పరీక్షించలేదు. హిందీ వచ్చా అని అడిగారు, అక్కడ బిహార్, ఒడిశా కార్మికులు కూడా ఉన్నారట. హాజరు, ఖర్చు, ఫలితం ఎక్సెల్‌లో చూపించగలరా అన్నారు. యాభై దాటిన ఫిట్టర్‌కు పాతికేళ్ల మీరు ఎలా నేర్పుతారన్నారు. అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్ వయోజన విద్య గురించి చెప్పినదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది: ఆ ఫిట్టర్ అనుభవాన్ని పక్కన పెట్టి మొదలుపెడితే ఆయన వినడు. ముందు ఆయన చేత చేయించి చూసి, 'ఇక్కడ మీరెందుకు ఇలా చేస్తారు' అని అడిగి, కొత్త పద్ధతి ఆయనకు ఏ కష్టం తగ్గిస్తుందో చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో వాడిన ఉద్యోగ బోధన పద్ధతిలో నాలుగు మెట్లుంటాయి: మనిషిని సిద్ధం చేయడం, పని చూపించడం, చేయించి చూడటం, తర్వాత కనిపెట్టుకుని ఉండటం. తెలిసిన ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ ఎవరైనా ఉంటే అనుమతి అడిగి ఒక పూట వర్క్‌షాప్‌లో నిలబడండి. లేత్ నేర్పేటప్పుడు ఆయన ఏ మెట్టు దాటేస్తున్నారో రాసుకోండి. ఎక్కువగా నాలుగోదే. ఆ కాగితాన్ని ఇంటర్వ్యూ ముందు రోజు ఒకసారి చదువుకోండి.