లాకౌట్‌లో రూకీల సంగతి ఎవరికి పట్టింది?

2011 అక్టోబర్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ పేరు మీద ఎన్‌బీఏ 2కే12 వీడియో గేమ్ వచ్చింది. కవర్ మీద పాత దిగ్గజాలు జోర్డాన్, మ్యాజిక్, బర్డ్ ఉన్నారు, లోపల పాతకాలపు టీములు బోలెడు ఉన్నాయి, కానీ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే కార్యక్రమం) నంబర్ వన్‌గా వెళ్లిన కైరీ అర్వింగ్ మాత్రం లేడు. క్లే థాంప్సన్ లేడు, కవాయ్ లెనార్డ్ లేడు, అసలు ఆ బ్యాచ్ కుర్రాళ్లే లేరు. ట్రేడింగ్ కార్డులు దాచుకునేవాళ్లని కదిపితే ఇంకో విచిత్రం చెప్తారు: వీళ్ల రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) కార్డులు బయటికొచ్చింది రెండో సీజన్ 2012-13లో, తర్వాతి ఏడాది డ్రాఫ్ట్ అయినవాళ్లతో కలిపి. డ్రాఫ్ట్ జరిగింది, స్టేజీ ఎక్కారు, టోపీ పెట్టుకున్నారు, కమిషనర్ డేవిడ్ స్టెర్న్‌తో ఫొటో దిగారు, అయినా చాలా నెలల పాటు వాళ్లు ఎన్‌బీఏ ఆటగాళ్ల లెక్కలోకి రాలేదు.

లాకౌట్ అంటే ఆటగాళ్లతో ఒప్పందం కుదరక ఓనర్లే లీగ్ మూసెయ్యడం, 2011లో అదే జరిగింది. ఆ మాట అనగానే అందరూ లెబ్రాన్ ఎంత నష్టపోయాడు, కోబీ ఎంత నష్టపోయాడు అని లెక్కలేస్తారు. నాకేమో ఈ రూకీల సంగతే ఎప్పుడూ ఆసక్తిగా ఉంటుంది. ఎందుకంటే ఆ గొడవలో వాళ్లకి ఓటు లేదు, బల్ల దగ్గర కుర్చీ లేదు, ఒక్క జీతమైనా అందుకోలేదు, కానీ గేటు మూసినప్పుడు బయట నిలబడ్డవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

తేదీలు చూడండి. 2011 డ్రాఫ్ట్ జూన్ 23న న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో జరిగింది. జులై 1 మొదలవగానే లాకౌట్. అంటే మధ్యలో దొరికింది వారం. ఇది సమ్మె కాదు, ఆటగాళ్లు మేం ఆడం అనలేదు, పని ఆపింది ఓనర్లే. బాస్కెట్‌బాల్ ఆదాయంలో ఆటగాళ్లకి 57 శాతం పోతోంది, మాకు నష్టాలొస్తున్నాయి, తగ్గించండి అని వాళ్ల వాదన. చివరికి 49 నుంచి 51 శాతం మధ్య ఎక్కడో తేలింది. ఆ లెక్కల్లోకి వెళ్తే పోస్ట్ తెల్లారేదాకా నడుస్తుంది, కాబట్టి వదిలేద్దాం.

మనకి కావాల్సింది ఆ నెలల్లో అమలైన నిషేధం. టీమ్ జిమ్ వాడకూడదు, టీమ్ డాక్టర్‌కి చూపించుకోకూడదు, కోచ్ ఆటగాడితో ఫోన్‌లో కూడా మాట్లాడకూడదు. లీగ్ వెబ్‌సైట్ నుంచి ఆటగాళ్ల ఫొటోలు కూడా తీసేశారు! నోరు జారితే జరిమానా, ఎవరైనా సరే. షార్లెట్ ఓనర్‌గా ఉన్న మైఖేల్ జోర్డాన్ ఒక ఆస్ట్రేలియా పత్రికతో మాట్లాడినందుకు లక్ష డాలర్లు కట్టాల్సి వచ్చింది. పాత ఆటగాడికి ఇది పెద్ద ఇబ్బంది కాదు, అతనికి సొంత ట్రైనర్ ఉంటాడు, బ్యాంకులో డబ్బుంటుంది, కోచ్‌కి ఏం కావాలో ఏళ్ల తరబడి తెలుసు. రూకీకి ఇందులో ఒక్కటీ లేదు. ఇంజినీరింగ్ అయిపోయి, ఆఫర్ లెటర్ చేతికొచ్చి, జాయినింగ్ డేట్ మాత్రం రాకుండా నెలల తరబడి ఇంట్లో కూర్చున్న బ్యాచ్‌లు మనవాళ్లలో ఎన్ని లేవు, అచ్చం అదే పరిస్థితి. కాలేజీ టీమ్‌కి తిరిగెళ్లలేరు, లీగ్ లోపలికి రానివ్వదు. మిన్నెసోటా టీమ్ కథ ఇంకా తమాషా. రెండో పిక్‌తో (డ్రాఫ్ట్‌లో రెండో వంతులో) డెరిక్ విలియమ్స్‌ని తీసుకున్నారు, సెప్టెంబర్‌లో రిక్ ఆడెల్‌మన్‌ని కొత్త కోచ్‌గా పెట్టుకున్నారు, కానీ ఆ కోచ్ ఈ కుర్రాడితో ఆట గురించి ఒక్క మాట మాట్లాడాలన్నా డిసెంబర్ దాకా ఆగాల్సిందే.

డబ్బు దగ్గరికొస్తే, మొదటి రౌండ్ (మొదటి 30 పిక్‌లు) కుర్రాళ్ల బాధ మనం అనుకున్నంత పెద్దదేం కాదు. వాళ్ల జీతం పిక్ నంబర్‌ని బట్టి ముందే ఖరారైన స్కేల్ ప్రకారం ఉంటుంది, మొదటి రెండేళ్లు గ్యారంటీ. కైరీకి మొదటి ఏడాది ఒప్పందం 50 లక్షల డాలర్ల పైచిలుకు. సీజన్ 82 మ్యాచ్‌ల నుంచి 66కి కుదించారు కాబట్టి ఆ లెక్కన అయిదో వంతు కోత పడింది. పోతే పోయింది, పంతొమ్మిదేళ్లకే ఇంకా 40 లక్షల డాలర్లు వస్తున్నాయి, జాలిపడక్కర్లేదు. అతను ఆ సీజన్‌లో 51 మ్యాచ్‌లాడి సగటున 18.5 పాయింట్లు కొట్టి రూకీ ఆఫ్ ద ఇయర్ కూడా అయ్యాడు.

అసలు దెబ్బ కింద తగిలింది. రెండో రౌండ్‌లో వెళ్లినవాడికి గ్యారంటీ ఉండదు, స్కేల్ ఉండదు. అతని పేరు మీద హక్కు మాత్రం టీమ్‌దే. వాళ్లలో చాలామంది విమానం ఎక్కేశారు. హ్యూస్టన్ తీసుకున్న 38వ పిక్ చాండ్లర్ పార్సన్స్ ఫ్రాన్స్‌లో షోలే అనే క్లబ్‌కి వెళ్లాడు. జాన్ లాయర్ జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కి, ఎట్వాన్ మూర్ ఇటలీలో ట్రెవీజోకి. డెట్రాయిట్ తీసుకున్న 33వ పిక్ కైల్ సింగ్లర్ స్పెయిన్ వెళ్లి, ముందు అలికాంతేలో ఆడి, తర్వాత రియల్ మాడ్రిడ్‌కి మారి, లాకౌట్ ముగిశాక కూడా ఆ సీజన్ మొత్తం అక్కడే ఉండిపోయాడు, డెట్రాయిట్‌కి వచ్చింది 2012లో. ఇలా వెళ్లడంలో రెండు చిక్కులు. తిరిగొచ్చే షరతు ఒప్పందంలో రాయించుకోవాలి, అది లేకపోతే ఇరుక్కుపోతారు (చైనా వెళ్లిన జె.ఆర్. స్మిత్, కెన్యన్ మార్టిన్ లాంటి సీనియర్లకి సరిగ్గా అదే జరిగింది, అక్కడి లీగ్ మధ్యలో వదిలి వెళ్లడానికి ఒప్పుకోలేదు). రెండోది, ఎన్‌బీఏలో నువ్వు ఏ పాత్రలో సరిపోతావో తేల్చే కోచ్ ఆ ఊళ్లో లేడు. అయినా పార్సన్స్ తిరిగొచ్చి ఆ సీజన్‌లోనే స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే అయిదుగురిలో ఒకడు) అయ్యాడు, అదీ ఏడాదికి పది లక్షల డాలర్లలోపు జీతానికి. 2014లో డాలస్ అతనికి మూడేళ్లకి 4.6 కోట్ల డాలర్ల ఆఫర్ ఇచ్చింది. అలాంటి కథ ఒకటి గుర్తుంటుంది, ఆ ఏడాది ఎవరి కంటా పడకుండా జారిపోయిన కుర్రాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

ఎవరి కంటా పడకుండా అని ఎందుకన్నానంటే, లాస్ వెగాస్ సమ్మర్ లీగ్ రద్దయింది. టీవీలో చూసేవాళ్లకి అది టైమ్‌పాస్ బాస్కెట్‌బాల్. డ్రాఫ్ట్ కానివాళ్లకి అదే ఇంటర్వ్యూ. జెరెమీ లిన్‌ని తీసుకోండి. 2010లో అతన్ని ఏ టీమూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, ఆ వేసవి వెగాస్‌లో నంబర్ వన్ పిక్ జాన్ వాల్ మీద అదరగొట్టాడు కాబట్టే గోల్డెన్ స్టేట్ ఒప్పందం చేతికొచ్చింది. మరుసటి ఏడాది, అంటే 2011లో, సమ్మర్ లీగ్ లేదు, కొత్త కోచ్ మార్క్ జాక్సన్‌కి ఆట చూపించే దారి లేదు, డిసెంబర్ 9న క్యాంప్ తెరిచిన మొదటి రోజే అతన్ని వదిలేశారు. తర్వాత హ్యూస్టన్ కూడా క్రిస్మస్ ముందు రోజు వదిలేసింది, న్యూయార్క్ పట్టుకుంది, ఫిబ్రవరిలో అక్కడే రాత్రికి రాత్రి స్టార్ అయిపోయాడు. లిన్ అప్పటికి రూకీ కాదు, రెండో ఏడాది వాడు, కానీ ఒక్క ఏడాది తేడాతో 2011లో కాలేజీ ముగించిన లిన్‌ని ఊహించుకోండి. నాకైతే అతను ఎన్‌బీఏ గుమ్మం తొక్కేవాడు అనిపించదు.

నవంబర్ 26 తెల్లవారుజామున రాజీ కుదిరింది. క్యాంప్‌లు డిసెంబర్ 9న, సీజన్ డిసెంబర్ 25న. పదహారు రోజులు! ప్రతి టీమ్‌కి రెండే ప్రీసీజన్ మ్యాచ్‌లు. ఆ తర్వాత 124 రోజుల్లో 66 మ్యాచ్‌లు, వరసగా మూడు రోజులు మూడు మ్యాచ్‌లు ఆడే ఘట్టం ప్రతి టీమ్‌కీ కనీసం ఒకటి. ఇలాంటి క్యాలెండర్‌లో ప్రాక్టీస్ ఎక్కడ పెడతారు? కాళ్లకి రెస్ట్ ఇవ్వడానికే టైమ్ చాలదు. రూకీ నేర్చుకునేదంతా ప్రాక్టీస్‌లోనే, డిఫెన్స్‌లో ఎవరి వెనక ఎవరు రొటేట్ అవ్వాలి అనేది మ్యాచ్ మధ్యలో నేర్పరు. 30వ పిక్‌గా షికాగో తీసుకున్న జిమ్మీ బట్లర్ ఆ ఏడాది 42 మ్యాచ్‌ల్లో సగటున ఎనిమిదిన్నర నిమిషాలు ఆడి 2.6 పాయింట్లు కొట్టాడు. టామ్ థిబొడో కొత్త కుర్రాళ్లని అంత త్వరగా నమ్మే కోచ్ కాదు, నమ్మించడానికి ప్రాక్టీస్ రోజులూ లేవు.

శాక్రమెంటో సంగతి ఇంకా చిత్రం, ఎందుకంటే ఒకే టీమ్‌లో రెండు రకాల కథలూ జరిగాయి. కాలేజీలో దేశాన్ని ఊపేసిన జిమ్మర్ ఫ్రెడెట్ పదో పిక్. అదే డ్రాఫ్ట్‌లో అందరికన్నా ఆఖరున, 60వ పిక్‌గా వచ్చినవాడు ఐజయా థామస్. సీజన్ మొదలై ఏడు మ్యాచ్‌లు అయ్యాయో లేదో కోచ్ పాల్ వెస్ట్‌ఫాల్‌ని తీసేశారు. రెండు వారాల క్యాంప్‌లో హడావిడిగా నేర్చుకున్న పద్ధతి కూడా ఎగిరిపోయింది. జిమ్మర్ 7.6 పాయింట్ల దగ్గర ఆగిపోయాడు, ఆ తర్వాత ఎప్పుడూ కోలుకోలేదు. ఐజయా మాత్రం ఫిబ్రవరికి స్టార్టర్ అయ్యాడు, ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ వెస్ట్‌లో (లీగ్‌లో పడమటి సగం టీములు) రూకీ ఆఫ్ ద మంత్ అతనే. గందరగోళంలో ఆఖరి పిక్‌కి తలుపు తెరుచుకోవడం కూడా నిజమే, అది దాచి ఏడుపు కథ మాత్రమే చెప్తే అన్యాయం. కానీ జిమ్మర్‌కి మామూలు వేసవి, మామూలు క్యాంప్, ఒకే కోచ్ దొరికుంటే స్టార్ అయ్యేవాడా? అవ్వకపోవచ్చు, డిఫెన్స్ ఎప్పుడూ అంతంతమాత్రమే. ఒక పద్ధతైన రోల్ ప్లేయర్ అయ్యేవాడేమో అని మాత్రం అనుకుంటూ ఉంటాను.

గాయాల మాట కూడా చెప్పాలి. న్యూయార్క్ రూకీ ఇమాన్ షంపర్ట్ 2012 ఏప్రిల్ 28న ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు, డెరిక్ రోజ్ మోకాలు పోయింది కూడా అదే రోజు. స్పెయిన్ నుంచి ఆ ఏడాదే వచ్చిన రికీ రూబియోకి మార్చిలోనే అదే గాయం అయింది. ఇరుకు క్యాలెండరే దీనికి కారణం అని తేల్చి చెప్పలేం, అప్పట్లో చాలామంది అనుకున్నది మాత్రం అదే.

లాకౌట్ భయంతో అసలు డ్రాఫ్ట్‌కే రానివాళ్లు వేరే. నార్త్ కరొలైనాలో హారిసన్ బార్న్స్, ఒహాయో స్టేట్‌లో జారెడ్ సలింజర్, బేలర్‌లో పెర్రీ జోన్స్, ముగ్గురూ 2011లో చాలా పైన వెళ్తారని అందరూ అన్నవాళ్లే, ముగ్గురూ కాలేజీలో ఇంకో ఏడాది ఉండిపోయారు. లాకౌట్ ఒక్కటే కారణం కాకపోవచ్చు గానీ, జీతం ఎప్పుడొస్తుందో తెలియని లీగ్‌కి తొందరపడి ఎందుకెళ్లడం అన్న ఆలోచన సహజం. 2012లో బార్న్స్ ఏడో పిక్‌గా బయటపడ్డాడు. సలింజర్ వెన్ను మీద డాక్టర్లకి అనుమానాలొచ్చి 21కి జారాడు, జోన్స్ 28కి. రూకీ స్కేల్‌లో మొదటి అయిదుకీ ఇరవై ఒకటికీ మధ్య తేడా కొన్నేళ్ల పాటు లక్షల డాలర్లలో ఉంటుంది.

ఇంత జరిగినా నాకు కోపం తెప్పించే భాగం 2011 కాదు, దానికి ముందు చరిత్ర. రూకీ స్కేల్ పుట్టిందే 1995 లాకౌట్ తర్వాత. 1994లో నంబర్ వన్ గ్లెన్ రాబిన్సన్ మిల్వాకీ నుంచి పదేళ్లకి 6.8 కోట్ల డాలర్లు రాబట్టుకున్నాడు. ఒక్క మ్యాచ్ ఆడని కుర్రాడికి అంత డబ్బా అని ఓనర్లకీ కడుపు మండింది, సీనియర్లకీ మండింది. మరుసటి ఏడాది నంబర్ వన్ జో స్మిత్‌కి వచ్చింది మూడేళ్లకి 85 లక్షలు. రెండు పక్షాలూ గొడవపడి, చివరికి రెండూ కలిసి ఇంకా గదిలోకి రాని మూడోవాడి జేబులోంచి తీసుకున్నాయి. ఆటగాళ్ల సంఘం నడిపేది సీనియర్లు, ఓటు సీనియర్లది, ఇంకేం జరుగుతుంది?

దీని మీద కోర్టుకెళ్లినవాడు కూడా ఉన్నాడు. లియోన్ వుడ్. 1984 ఒలింపిక్స్‌లో జోర్డాన్‌తో కలిసి బంగారు పతకం గెలిచాడు, ఫిలడెల్ఫియా పదో పిక్‌గా తీసుకుంది, కానీ శాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాల మీద పరిమితి) అప్పుడే కొత్తగా అమల్లోకి రావడంతో వాళ్లు ఇవ్వగలిగింది ఒక ఏడాదికి 75 వేల డాలర్లు. నేను సంఘంలో లేనప్పుడు చేసుకున్న ఒప్పందం నన్నెలా కట్టేస్తుంది అని అతని ప్రశ్న. 1987లో అప్పీల్ కోర్టు కుదరదంది: ఏ ఫ్యాక్టరీలోనైనా కొత్తగా చేరినవాడికి అప్పటికే ఉన్న సమష్టి ఒప్పందమే వర్తిస్తుంది, బాస్కెట్‌బాల్ ఏం ప్రత్యేకం కాదు. చట్టపరంగా సరైన తీర్పే కావచ్చు. వుడ్ తర్వాత అదే లీగ్‌లో రిఫరీ అయ్యాడు, అది నాకు మహా ఇష్టమైన వివరం.

ఇప్పుడున్న ఒప్పందం 2023లో కుదిరింది, 2029-30 సీజన్ దాకా ఉంది, కావాలంటే ఏ పక్షమైనా ఒక ఏడాది ముందే బయటికి రావచ్చు. మళ్లీ గేట్లు మూస్తారా లేదా అన్నది ఇప్పుడు జోస్యం చెప్పడం అనవసరం, టీవీ డబ్బు బాగా వస్తున్నంత కాలం మూయరనే నా నమ్మకం. మూస్తే మాత్రం ఆటగాళ్ల సంఘం ముందుగా ఒక పని చెయ్యొచ్చు: లీగ్‌తో సంబంధం లేకుండా సొంత ఖర్చుతో వెగాస్‌లో రెండు వారాల సమ్మర్ టోర్నీ పెట్టడం, డ్రాఫ్ట్ అయినవాళ్లనీ కానివాళ్లనీ అందులో ఆడించడం. టీమ్‌లు పిలవకూడదు, మాట్లాడకూడదు సరే, వీడియో చూడకుండా ఎవరూ ఆపలేరు కదా. సభ్యత్వం కూడా లేని కుర్రాళ్ల కోసం సీనియర్లు ఆ ఖర్చు పెడతారా అంటారా, 1995 చూశాక నాకూ పెద్దగా ఆశ లేదు.